విడాకుల కేసుల్లో డిస్కవరీ: పల్సానా

విడాకుల కేసులో ఒకరి దగ్గరున్న పత్రాలను, ఆదాయ వివరాలను, ఆస్తుల లెక్కలను ఎదుటివారు కోర్టు ద్వారా రాబట్టుకునే పద్ధతిని డిస్కవరీ అంటారు. గుజరాత్‌లోని సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో, కడోదరా చుట్టుపక్కల, బట్టల మిల్లులు ఎక్కువ. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి తదితర కుటుంబాలు సూరత్ ప్రాంతంలో తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. ఇలాంటి వలస కుటుంబంలో కాపురం చెడితే సంపాదన ఒక రాష్ట్రంలో, పొలం ఇంకో రాష్ట్రంలో ఉంటాయి. డిస్కవరీ అవసరం పడేది అక్కడే.

అమెరికాలో లాయర్లు ఎదుటి పక్షాన్ని కోర్టు బయటే కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి ప్రశ్నిస్తారు. మన దేశంలో పగ్గాలు జడ్జి చేతిలో ఉంటాయి. హిందూ వివాహ చట్టం (1955) 21వ సెక్షన్, ఫ్యామిలీ కోర్టుల చట్టం (1984) 10వ సెక్షన్ ప్రకారం ఈ కేసులకు సివిల్ ప్రొసీజర్ కోడ్ వర్తిస్తుంది. అందులోని 11వ ఆర్డరే డిస్కవరీకి ఆధారం. కోర్టు అనుమతిస్తే ఎదుటివారికి రాతపూర్వకంగా ప్రశ్నలు పంపవచ్చు. వాటికి 10 రోజుల్లో, లేదా కోర్టు ఇచ్చిన గడువులో, అఫిడవిట్ రూపంలో జవాబివ్వాలి. పత్రాల జాబితా అడగవచ్చు, వాటిని చూపించమనవచ్చు. ఆదేశాన్ని పాటించకపోతే పిటిషన్ కొట్టివేయడానికి, లేదా ప్రతివాది డిఫెన్స్‌ను తొలగించడానికి అదే ఆర్డర్‌లోని 21వ రూలు వీలిస్తుంది.

చాలాకాలం ఇదంతా కాగితం మీదే ఎక్కువగా ఉండేది. 2020 నవంబర్ 4న రజ్నేష్-నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి పదును పెట్టింది. భరణం అడిగిన ప్రతి కేసులో భార్యాభర్తలిద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాల్సిందే. ప్రతివాదికి గడువు 4 వారాలు. అందులోని వివరాలపై అనుమానం ఉంటే 11వ ఆర్డర్ కింద ప్రశ్నలు వేయవచ్చు. అబద్ధమని తేలితే తప్పుడు సాక్ష్యం కింద చర్యలు ఉంటాయి, కోర్టు ధిక్కారమూ అవుతుంది.

అసలు నేర్పు ప్రశ్న అడగడంలో ఉంది. "నీ సంపాదన ఎంత?" అంటే "పనుంటేనే కూలి" అని జవాబొస్తుంది. మీటరు లెక్కన నగదు అందుకునే మగ్గం కార్మికుడి విషయంలో అది నిజమే కావచ్చు కూడా. ఏ కార్ఖానాలో, ఏ నెల నుంచి పని, పీఎఫ్ ఖాతా ఉందా, డబ్బు ఏ బ్యాంకులో వేస్తారు అని విడివిడిగా అడగాలి. మగ్గాల యజమాని అయితే జీఎస్టీ రిటర్నులు, కార్ఖానా కరెంటు బిల్లులు కావాలి. వీటన్నిటికన్నా పనికొచ్చేది బ్యాంకు రుణ దరఖాస్తు: భరణం దగ్గర తగ్గించి చెప్పిన ఆదాయమే అప్పు కోసం పెరిగి కనిపించవచ్చు. బ్యాంకు నుంచి, యజమాని నుంచి రికార్డులు తెప్పించడానికి అదే కోడ్‌లోని 16వ ఆర్డర్ కింద సమన్లు కోరాలి.

భూమికి గుజరాత్‌లో సాత్-బారా (7/12) నకలు, తెలంగాణలో పహాణీ, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోవాలి. గుజరాత్ కింది కోర్టుల భాష గుజరాతీ కాబట్టి తెలుగు పత్రాలకు అనువాదం జతచేయాల్సి వస్తుంది. ఈ ఖర్చు, జాప్యం ముందే లెక్క వేసుకోవడం మంచిది.

దొరికితే దొరుకుతుందని గాలం వేసే ప్రశ్నలను, కేసుతో సంబంధం లేనివాటిని కోర్టు ఒప్పుకోదు. ఆదాయపు పన్ను రిటర్నులు వ్యక్తిగత సమాచారమని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది కనుక సమాచార హక్కు దరఖాస్తు కన్నా కోర్టు దారే నమ్మకమైనది. దంపతుల మధ్య రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక కేసు ఎక్కడ వేయాలంటే, హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ తర్వాత భార్య తానుండే ఊళ్లోనే పిటిషన్ వేయవచ్చు. భర్త ముందే సూరత్‌లో వేసి ఉంటే కేసు బదిలీకి ఆమె సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చు. న్యాయ సేవల అథారిటీల చట్టం (1987) 12వ సెక్షన్ కింద మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.