డిష్ ఎవరి డాబా మీద ఉంది?

కేబుల్ ఉంచుకోవాలా, తీయించేసి డిష్ పెట్టించుకోవాలా? ఇల్లు మారినప్పుడు, నెల బిల్లు పెరిగినప్పుడు, మంచి సీరియల్ మధ్యలో బొమ్మ ఆగిపోయినప్పుడు మన మాటల్లోకి వచ్చే ప్రశ్న ఇది. "డిష్ అయితే ఉపగ్రహం నుంచి వస్తుంది, కేబుల్ అయితే తీగలోంచి వస్తుంది" అని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ ఆకాశం నుంచే వస్తాయి. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాలే రెండింటికీ ఆధారం. కేబుల్ వాళ్లు పెద్ద పెద్ద డిష్‌లతో ఆ చానళ్లను పట్టి, తీగ మీద మన ఇంటికి పంపిస్తారు. డీటీహెచ్ వాళ్లయితే మన డాబా మీదే ఒక చిన్న డిష్ బిగించి వెళతారు.

అంటే తేడా ఒక్కటే. డిష్ ఎవరి డాబా మీద ఉంది? చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, యాభై ఏళ్లుగా ఆ డిష్ ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో చూస్తే, మన ఇంట్లో ఏం చూడాలో ఎవరు నిర్ణయిస్తూ వచ్చారో కూడా తెలుస్తుంది.

మన దగ్గర మొదటి డిష్ కేబుల్ ఆయనదీ కాదు, ఏ ఇంటిదీ కాదు. అది ఊరిది. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు మన దేశానికి ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. కోళ్ల గూళ్లకు వాడే లాంటి జాలీతో చేసిన డిష్‌లతో నేరుగా ఉపగ్రహం నుంచే బొమ్మ వచ్చేది. పొద్దున బడి పిల్లలకి గంటన్నర, సాయంత్రం ఊరందరికీ రెండున్నర గంటలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటివే ఎక్కువ. పట్నంలో చాలా ఇళ్లు టీవీ ముఖం చూడకముందే మన పల్లెటూరి ఆడవాళ్లు కొందరు చంటిపిల్లల ఆరోగ్యం గురించి తెరమీద చూశారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అయితే ఏం చూపించాలన్నది పూర్తిగా ప్రభుత్వం చేతిలోనే ఉండేది. ఏడాది తిరిగేసరికి, 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోయారు.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. అప్పటి నుంచి డిష్ మాట మరిచిపోయి, డాబా మీద ఇనుప గొట్టానికి కట్టిన యాంటెన్నాలతో కాలం గడిపాం. ఒకరు పైకెక్కి తిప్పడం, ఇంకొకరు కింద నుంచి "వచ్చింది... పోయింది... ఆఁ, అక్కడే ఉంచు" అని కేకెయ్యడం ఆ తరం వాళ్లెవరూ మరిచిపోరు. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల ఏడాది రంగులు వచ్చాయి. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున వంట త్వరగా ముగించుకోవడం అలవాటైంది. ఉన్నది ఒకటే చానల్ కాబట్టి ఎంచుకోవడం అన్న మాటే లేదు. చిత్రలహరి వచ్చే వేళకి కరెంటు పోకుండా ఉంటే చాలు.

కేబుల్ పుట్టింది ఉపగ్రహంతో కాదు, వీసీఆర్‌తో. 1980ల్లో ఒకాయన తన గదిలో వీసీఆర్ పెట్టుకుని, సినిమా క్యాసెట్ వేసి, చుట్టుపక్కల ఇళ్లకి తీగ లాగేవాడు. 1991లో గల్ఫ్ యుద్ధం వార్తలు సీఎన్ఎన్‌లో నేరుగా చూడాలన్న ఆసక్తితో పెద్ద హోటళ్లలో డిష్‌లు వెలిశాయి. అదే ఏడాది స్టార్ టీవీ, 1992 అక్టోబరులో జీ టీవీ వచ్చాయి. దాంతో ఆ వీసీఆర్ ఆయనే డాబా మీద డిష్ బిగించి కేబుల్ ఆపరేటరయ్యాడు. మనకి అసలు పండగ 1995లో వచ్చింది. జెమిని, ఈటీవీ రెండూ ఆ ఏడాదే మొదలయ్యాయి. మధ్యాహ్నం, సాయంత్రం అని లేకుండా తెలుగు వినిపించే టీవీ ఇంట్లోకి వచ్చింది.

అదే ఏడాది రెండు పెద్ద సంగతులు జరిగాయి. గాలిలో ప్రయాణించే తరంగాలు ప్రజల ఆస్తి, అవి ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదని సుప్రీంకోర్టు ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. కేబుల్ టీవీకి చట్టం కూడా 1995లోనే వచ్చింది. ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి, దూరదర్శన్ చానళ్లు తప్పకుండా ఇవ్వాలి అన్నది ఆ చట్టం మాట.

చట్టం ఉన్నా, ఇంటి దగ్గర రాజ్యం కేబుల్ ఆయనదే. ఏ చానల్ ఎక్కడ ఉంటుందో, ఏది తీసేస్తాడో, నెలకి ఎంత అంటాడో ఆయన ఇష్టం. రసీదు అడిగితే నవ్వేవాడు. అయినా ఆయనతో మనకి ఒక చనువు ఉండేది. "బాబూ, మా అత్తగారికి భక్తి కార్యక్రమం రావట్లేదు" అని చెబితే సాయంత్రానికి నిచ్చెన వేసుకుని వచ్చేవాడు. ఈ నెల డబ్బులు వచ్చే నెల ఇస్తామంటే సరే అనేవాడు. పగలంతా ఇంట్లో ఉండి ఆయనతో మాట్లాడేది, డబ్బాలోంచి డబ్బులు తీసి ఇచ్చేది మనమే. ఏం చూడాలో నిర్ణయించే అధికారం మాత్రం ఇటు మనకీ లేదు, అటు ఇంటాయనకీ లేదు.

పెట్టె ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తన కింద ఎన్ని ఇళ్లున్నాయో ఆపరేటరు తగ్గించి చెప్పేవాడని చానళ్ల వాళ్లు, వాళ్లే ఏటేటా ధర పెంచుతున్నారని ఆపరేటర్లు గొడవ పడేవారు. ఇళ్లని లెక్కపెట్టాలంటే ఇంటికో పెట్టె ఉండాలి. 2003 సెప్టెంబరులో మద్రాసులో పే చానళ్లకి సెట్ టాప్ బాక్స్ తప్పనిసరి చేశారు. మన హైదరాబాద్‌కి, విశాఖకి ఆ నియమం రెండో విడతలో, 2013 మార్చి 31 గడువుతో వచ్చింది. మిగిలిన ఊళ్లకి 2017 మార్చి నాటికి పూర్తయింది. "బొమ్మ బాగుంటుంది" అని మనకి చెప్పారు. బాగుపడింది కూడా. కానీ పెట్టె అసలు పని లెక్క.

ఇక డిష్ మన డాబా మీదకి రావడానికి చాలా కాలం పట్టింది. ఇంటికి నేరుగా ఉపగ్రహ ప్రసారాలు ఇస్తామని ఒక సంస్థ సిద్ధమైతే, 1997లో ప్రభుత్వం నిషేధించింది. 2000 చివర్లో అనుమతి ఇచ్చింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో నెలసరి చెల్లింపు లేని దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్, 2006లో టాటా స్కై, ఆ తర్వాత సన్ డైరెక్ట్, ఎయిర్‌టెల్ వచ్చాయి. తీగ వెళ్లని పొలాల మధ్య ఇళ్లకి, కొండ ఊళ్లకి ఇది వరం. అక్కడ కేబుల్ ఆయనకి నాలుగు ఇళ్ల కోసం కిలోమీటర్ల తీగ లాగడం గిట్టదు. ఉపగ్రహానికి ఆ దూరం లెక్కే కాదు. ఆంధ్రలో 2017 డిసెంబరులో ప్రభుత్వమే ఫైబర్‌నెట్ పేరుతో టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి నెలకి 149 రూపాయలకి ఇస్తానని ముందుకొచ్చింది.

ఈ కథలో ఆడవాళ్లకి ముఖ్యమైన ఏడు నా లెక్కలో 2019. ఆ ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త నియమం అమలైంది. కేబుల్ అయినా డిష్ అయినా, 100 చానళ్ల వరకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, పన్నుతో 153.40 మించకూడదు. ఆ పైన పే చానళ్లని ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చు, దేని ధర దానికే. ప్యాక్‌లో ఉండే చానల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదు. అప్పుడే మొదటిసారిగా జాబితా కాగితం, పెన్నుతో పాటు ఇంటికి వచ్చింది.

కానీ ఆ కాగితం మీద టిక్కులు పెట్టింది ఎవరు? చాలా ఇళ్లలో మగవాళ్లు క్రికెట్ చానళ్లు చూసుకుని, మిగతాది "ఏదో ఒక ప్యాక్ ఇచ్చెయ్" అన్నారు. మా ఇంట్లో జాబితా ఇంగ్లీషులో ఉంటే, నేను చదువుతుంటే అత్తయ్య ఒక్కొక్కటి "ఇది ఉంచు, ఇది వద్దు" అని చెప్పారు. ఆవిడ రోజూ చూసేది టీటీడీ వారి ఎస్వీబీసీ. దానికి పైసా కట్టక్కర్లేదని తెలిసి ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మరి ఇన్నాళ్లూ నా కోసమే డబ్బులు కడుతున్నారని అనేవారే!" అన్నారు. నలభై ఏళ్ల సంసారంలో, తన టీవీ ఖర్చు ఎవరికీ భారం కాదని ఆవిడకి తెలిసిన రోజు అది.

2020లో అదే 130కి 200 చానళ్లు, ఇంట్లో రెండో టీవీకి నెట్‌వర్క్ రుసుములో 40 శాతమే అని మార్చారు. 2024లో రుసుము మీద పరిమితే తీసేశారు. అంటే ఇప్పుడు ఎవరు ఎంత తీసుకుంటున్నారో మనమే అడిగి తెలుసుకోవాలి.

మరి ఏది మంచిది? ఇన్నేళ్ల చరిత్ర చెప్పేది ఇదీ. ఆపరేటరు పెద్ద డిష్ పట్టే తరంగాలు వానకి అంతగా లొంగవు. మన చిన్న డిష్ పట్టే తరంగాలని జోరువాన చినుకులు పీల్చేస్తాయి. అందుకే శ్రావణంలో డిష్ ఇళ్లలో బొమ్మ ఆగుతుంది. గాలివానకి చెట్టు విరిగి స్తంభాల మీద పడితే మాత్రం తెగేది కేబుల్ తీగే. అద్దె ఇంట్లో ఉంటే డాబా మీద బిగించడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, ఇల్లు మారితే విప్పి మళ్లీ బిగించాలి. ఊళ్లో గుడి ఉత్సవం, స్థానిక వార్తలు కావాలంటే అవి లోకల్ కేబుల్‌లోనే దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే, ఫోన్‌లో అంకెలు నొక్కే కస్టమర్ కేర్ కన్నా వీధి చివర ఉండే మనిషి మేలు. నెలసరి ఖర్చే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది, అందులో హిందీ చానళ్లే ఎక్కువ. ఒక సంస్థ పెట్టె ఇంకో సంస్థకి సాధారణంగా పనికిరాదు కాబట్టి, మారేముందు పెట్టె ఖర్చు కూడా లెక్కవేసుకోండి.

డిష్ ఊరి నుంచి ఆపరేటరు డాబాకి, అక్కడి నుంచి మన డాబాకి వచ్చింది. దానితో పాటు నిర్ణయం కూడా దానంతటదే మన చేతికి రాలేదు. జాబితా అడిగి తీసుకున్న ఇంటికే అది వచ్చింది. ఈసారి రీచార్జి చేయించే ముందు ఆ జాబితా తెప్పించండి. ఇంట్లో ఎవరు ఏం చూస్తారో పక్కన రాయండి. అత్తగారివీ, పనంతా అయ్యాక మీరు కూర్చుని చూసే ఆ ఒక్క అరగంటవీ ముందు రాయండి. ఆ తర్వాత కేబులా, డిషా అన్నది తేల్చడం పెద్ద కష్టమేమీ కాదు.