క్యాసెట్టు పాఠాలు – తిరుగు దారి

యంత్రం రాగానే విద్య ప్రజల వద్దకు వచ్చేసిందని సంబరపడేవాళ్లు కొందరు. యంత్రం రాగానే విద్య చచ్చిపోయిందని శోకించేవాళ్లు మరికొందరు. ఈ రెండు వాదాలూ చరిత్రను పక్కకు నెట్టి మాట్లాడేవే. విశ్వవిద్యాలయ పాఠాన్ని రికార్డు చేసి వినిపించడం గురించి ఆలోచించేటప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్నలు వేరు. ఎవరు మాట్లాడారు? ఎవరు విన్నారు? విన్నవాడికి తిరిగి మాట్లాడే వీలుందా?

అసలు 'లెక్చర్' అనే మాటకు మూలార్థం చదవడం. ఐరోపా మధ్యయుగ విశ్వవిద్యాలయాల్లో పుస్తకం ఖరీదైన వస్తువు. గురువు చదివేవాడు, శిష్యులు రాసుకునేవారు. అచ్చుయంత్రం పుట్టి అయిదు శతాబ్దాలు దాటినా మన డిగ్రీ కళాశాలల్లో 'నోట్సు చెప్పడం' పోలేదు. ఆచార్యుడు ఏనాడో రాసుకున్న కాగితాలు చదువుతాడు, విద్యార్థి తలెత్తకుండా రాస్తాడు. నా దృష్టిలో ఇదే మొట్టమొదటి రికార్డయిన పాఠం. అక్కడ యంత్రం విద్యార్థి చెయ్యి. కనుక టేపు రికార్డరు వచ్చి సజీవమైన సంభాషణను చంపిందనడం చాలా తరగతి గదుల విషయంలో నిజం కాదు. చంపడానికి అక్కడ సంభాషణ ఉంటే కదా!

మన ప్రాంతపు చరిత్ర చూద్దాం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించింది. ఒక దేశభాషకు ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. కాని తెలుగు రైతుబిడ్డకు అదీ ఇంటి భాష కాదు. 1931లో నిజాంసాగర్ నిర్మాణం ముగిసి మా బాన్సువాడ పొలాలకు మంజీర నీళ్లు పారాయి. విశ్వవిద్యాలయపు మాట మాత్రం ఈ పల్లెలకు పారలేదు. దాని తలుపుకు రెండు తాళాలున్నాయి: ఒకటి భాష, రెండోది దూరం. దూరమంటే మైళ్లు మాత్రమే కాదు. కూలి మానుకుని కళాశాలకు పోలేనితనం కూడా దూరమే. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, పై చదువులకు తెలుగులో పుస్తకాలు రావడంతో మొదటి తాళం కొంత వదులైంది.

రెండో తాళం మీద చెయ్యి పడింది 1982లో. ఆ ఏడాది ఆగస్టు 26న హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. జి. రాంరెడ్డి దాని తొలి ఉపాధ్యక్షులు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపాధ్యక్షులయ్యారు. 1991లో, అంబేద్కర్ శతజయంతి సంవత్సరంలో, హైదరాబాదు సంస్థకు ఆయన పేరు పెట్టారు. బడి చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్న నియమం సామాజికంగా చాలా పెద్ద మాట. అచ్చు పాఠాలు తెలుగులో ఇంటికొచ్చాయి. వాటికి తోడుగా రేడియో పాఠాలు, టీవీ పాఠాలు, అధ్యయన కేంద్రాల్లో క్యాసెట్లు. బీడీలు చుడుతూ, దుకాణంలో తూకం వేస్తూ, బస్సు డిపోలో డ్యూటీ చేస్తూ చదవదలచుకున్నవాళ్ల చెవికి ఒక ఆచార్యుడి గొంతు మొదటిసారి అందింది.

అయితే ఆ గొంతు ఎలా తయారయ్యేది? రేడియో పాఠానికి కాలపరిమితి ఉంటుంది. ముందుగా స్క్రిప్టు రాయాలి, గడియారం చూసుకుంటూ చదవాలి. స్టూడియోలో ఎదుట ముఖాలుండవు. అర్థంకాక నుదురు ముడిచేవాడు లేడు, కిటికీలోంచి బయటికి చూసేవాడు లేడు. ఆ ముఖాలను చూసే కదా మంచి ఉపాధ్యాయుడు చెప్పిన మాటే మరో రకంగా చెబుతాడు! భాష కూడా రేడియో తెలుగే. నిజామాబాదు పల్లె విద్యార్థికి అది అర్థమవుతుంది గాని, తన నోటి మాట పాఠంలో పనికిరాదనే పాఠం కూడా దానితోపాటే వినిపిస్తుంది.

ఇక్కడ మా ఊరి అనుభవం ఒకటి చెప్పాలి. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ చిన్న క్యాసెట్టు నా చిన్నతనంలో మా వైపు ఇళ్లలోకి విశ్వవిద్యాలయం నుంచి రాలేదు, దుబాయి నుంచి వచ్చింది. గల్ఫుకు పోయినవాళ్లు టేపు రికార్డర్లు తెచ్చారు. ఉత్తరం రాయరాని మనిషి అక్కడ క్యాసెట్టులో మాట్లాడి, ఊరికొచ్చేవాళ్ల చేత పంపేవాడు. ఇక్కడ ఇంటిల్లిపాది చుట్టూ కూచుని వినేవారు. తర్వాత అదే క్యాసెట్టు మీద తల్లి మాట్లాడేది, భార్య మాట్లాడేది, పిల్లవాడు ఒకట్రెండ్లు అప్పజెప్పేవాడు. మళ్లీ ఎవరైనా పోయేటప్పుడు అది తిరిగి దుబాయి పోయేది.

జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ 1932లోనే రేడియోను గురించి ఒక సంగతి గుర్తించాడు. రేడియో పంచిపెట్టడానికే పరిమితమైంది, శ్రోత చేత మాట్లాడించగలిగినప్పుడే అది నిజమైన సంభాషణ సాధనమవుతుందన్నాడు. ఆ పేరు వినని మా ఊరి తల్లులు ఆ పని చేసి చూపించారు. టేపు ఒక్కటే. వాళ్ల చేతిలో అది రెండు వైపులా మాట్లాడింది, విశ్వవిద్యాలయం చేతిలో ఒక వైపే మాట్లాడింది. తేడా యంత్రంలో లేదు, సంబంధంలో ఉంది.

సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తిరుగు దారి అసలు లేదనను. ఆదివారం తరగతులే ఆ దారి. ఒక ఆదివారం పద్యపాఠం క్యాసెట్టు వింటుండగా నాకొక సమాసం తెగలేదు. ఎదుట ఉన్న అధ్యాపకుడు టేపు ఆపి, "ఏడ ఆగింది నీకు?" అని అడిగాడు. ఆ ప్రశ్న క్యాసెట్టులో లేదు. ఉండదు కూడా. ఆనాడు ఆ టేపు నాకు ఉపయోగపడిందంటే, దాన్ని ఆపగల మనిషి పక్కన ఉండడం వల్లనే.

తర్వాతి చరిత్ర ఈ తిరుగు దారి సన్నబడిన చరిత్ర. 1984 ఆగస్టు 15న యు.జి.సి. దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతిని మొదలుపెట్టింది. ఉపగ్రహం దేశమంతా పరచుకుంది గాని పాఠం ప్రధానంగా ఇంగ్లీషులోనే నడిచింది. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగుళూరు సైన్సు సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పేర వీడియో పాఠాలకు పూనుకున్నాయి. 2017లో 'స్వయం' వచ్చింది. పెద్ద ఆచార్యుల పాఠాలు ఎవరికైనా దొరకడం నిస్సందేహంగా మేలే. కాని 2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో, టీవీ పాఠాల వేళ నేను పిల్లల అరుగుల మీద కూచున్నప్పుడు ఒక బడిపిల్ల అడిగింది: "సారూ, గా టీవీల సారుకు నేను సమజ్ కాలేదని ఎట్ల తెలుస్తది?" విశ్వవిద్యాలయాలు సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇదే.

మరొక ప్రమాదం ఉంది. ఒకసారి రికార్డయిన గొంతు జీతమడగదు, సెలవడగదు. అధ్యాపక ఖాళీలను నింపని ప్రభుత్వాలకు ఆ గొంతు ఎంతో సౌకర్యం. బోధకుడి శ్రమ సరుకుగా మారి, చివరికి ఆ బోధకుడి స్థానానికే పోటీ వస్తుంది. దీన్ని సాంకేతిక ప్రగతి అని పిలిచి ఊరుకోవడం అభ్యుదయం కాదు.

పాఠాలు రికార్డు చేయవలసిందే. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు రెండోసారి వినడానికి, మూడోసారి వినడానికి అది అవసరం. అయితే ప్రతి రికార్డు పాఠానికీ టేపు ఆపి అడిగే మనిషి ఒకరు, విద్యార్థి మాట తిరిగి చేరే ఏర్పాటు ఒకటి ఉండాలి. విద్యార్థి తన యాసలో అడిగిన ప్రశ్న కూడా పాఠంలో భాగంగా రికార్డు కావాలి. సాహిత్యం చదివేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పాఠకుడి జవాబు లేకుండా ఏ రచనా పూర్తి కాదని మనం ఏనాటి నుంచో చెబుతున్నాం. ఆ మాటను విశ్వవిద్యాలయాల ముందు కూడా చెప్పవలసిన బాధ్యత మనదే.