దేశాటనము – గ్రామచరిత్రము
(కావలి సోదరుల జీవితము)

దేశాటనము మానవునకు చాతుర్యము కలిగించునని పెద్దలు చెప్పుదురు. ఇల్లు కదలక విద్వాంసులైనవారు లేకపోలేదు. కాని లోకమునకు క్రొత్త త్రోవ చూపిన మహనీయుల చరిత్రములు పరికించినచో పెక్కింటి నడుమ ఒక ప్రయాణము కానవచ్చును. శంకర భగవత్పాదులు కేరళదేశమున జనించి భరతఖండమెల్ల సంచరించి అద్వైతమును స్థాపించిరి. చీనా యాత్రికుడగు యువాన్‌చ్వాంగు ఏడవ శతాబ్దమున ధాన్యకటకమునకు వచ్చి తాను చూచినది వ్రాసిపెట్టుటచేతనే అప్పటి బౌద్ధవిహారముల స్థితి కొంతయైనను మనకు తెలియుచున్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణము విడిచి కాశికేగి, పదునైదు మాసములకు పైగా సంచరించి మరలిరి. త్రోవలో మిత్రునకు వ్రాసిన లేఖలే ‘కాశీయాత్రచరిత్ర’యై తెలుగు వచనమునకు అలంకారమైనవి.

వీరిలో ఒకరు ధర్మస్థాపనకై తిరిగిరి. ఒకరు శాస్త్రగ్రంథములకై తిరిగిరి. ఒకరు పుణ్యముకొరకు తిరిగిరి. ఈ మూడింటిలో ఏదియు కాక, ఊరూరి చరిత్రమును ఆ ఊరివారినోట విని వ్రాసికొనుటకై తిరిగినవారు మరికొందరు కలరు. వారి సంచారమువలన మన పల్లెలకు మేలు కలిగినది. వారి పేరు మాత్రము ఆ పల్లెలలో వినబడదు. వారే కావలివారు: వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి.

ఈ సోదరులు ఏలూరివారు, నియోగి బ్రాహ్మణులు. వీరి కథ చెప్పవలెనన్న ముందు మరియొక బాటసారిని గూర్చి చెప్పవలెను. కాలిన్ మెకంజీ దొర స్కాట్లండునకు వాయవ్యమున నున్న లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో కుంఫిణీ సైన్యమున చేరుటకై చెన్నపట్టణమున దిగెను. హిందువుల గణితశాస్త్రమును తెలిసికొనవలెనని ఆయనకు మొదటినుండియు కుతూహలము కలదు. కాని పదుమూడు సంవత్సరములు యుద్ధములతోడను, దండుప్రయాణములతోడను గడచిపోయినవి. మైసూరు యుద్ధము, పుదుచ్చేరి ముట్టడి, నైజాము రాజ్యమున కొలత, సింహళ దండయాత్ర – ఇన్ని చోట్లకు పోయినను ఈ దేశము ఆయనకు మూసిన తలుపువలెనే యుండెను. దేశభాష ఒక్కటియు ఆయనకు రాదు. కన్నులకు కోటలు, గుడులు, రాతిమీది వ్రాతలు కనబడుచుండెను. వానిని మాటాడించువారు లేరు.

1796లో సింహళమునుండి మరలివచ్చిన పిమ్మట ఆయనకు బొర్రయ్య లభించెను. అప్పటికి బొర్రయ్యకు ఇరువదియేండ్ల ప్రాయము. సంస్కృతాంధ్రములతో పాటు ఇంగ్లీషు నేర్చినవాడు. దొర తరువాత 1817లో ఒక మిత్రునకు వ్రాసిన లేఖయందు, హిందూదేశ విజ్ఞానమనెడి మందిరమున తాను ప్రవేశించుటకు ద్వారము తెరచినవాడు ఈ యువకుడే యని కృతజ్ఞతతో చెప్పుకొనెను. అన్ని మతములవారిని, అన్ని తెగలవారిని మంచిమాటతో కలుపుకొనిపోగల గుణము బొర్రయ్యకు కలదని కూడ ఆయనయే కొనియాడెను. ప్రయాణమున సంచి, గుడారము, గుఱ్ఱము ఎవరైనను సంపాదింపవచ్చును. ఈ గుణము దొరకుట కష్టము.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత మైసూరు రాజ్యమును కొలిచెడి పని మెకంజీ దొరకు అప్పగింపబడెను. నలుబదివేల చదరపు మైళ్లకు పైబడిన సీమ అది. కొలతగాండ్రను అడవి జ్వరములు పీడించెను. పైయధికారులు భత్యములు తగ్గించిరి. అయినను దొర గొలుసుతో నేలను మాత్రమే కొలిచి ఊరకుండలేదు. ఈ ఊరు ఎవరు కట్టిరి? ఈ చెరువు ఎవరు త్రవ్వించిరి? ఈ మాన్యము ఏ రాజు ఇచ్చెను? ఈ గుడిగోడమీద ఏమి వ్రాసియున్నది? అని అడిగించుచు పోయెను. అడిగినవాడు బొర్రయ్య. పూర్వకాలపు కన్నడలిపిలో నున్న శాసనములను చదువు మార్గమును కనుగొన్న కీర్తి ఆయనదే. ఒక జైన అర్చకునివద్ద విని ఆయన అనువదించిన జైనమత వృత్తాంతము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి గ్రంథమాల తొమ్మిదవ సంపుటమున అచ్చుపడెను. కాని దానిని అచ్చులో చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1803లో, ముప్పదియేండ్లయినను నిండకమునుపే, బొర్రయ్య కాలధర్మము నొందెను.

అన్న విడిచిన గంటమును తమ్ముడు లక్ష్మయ్య చేతబట్టెను. ఆయన పని చేయించిన తీరు ఈనాటి పరిశోధకులకును ఆదర్శప్రాయమే. తెలుగు, కన్నడ, తమిళ, మహారాష్ట్ర భాషలు తెలిసిన గుమాస్తాలను ఏర్పరచి ఒక్కొక్కరిని ఒక్కొక్క సీమకు పంపెడివాడు. అడుగవలసిన ప్రశ్నలు ముందుగా వ్రాసి యిచ్చెడివారు. గుమాస్తాలు తాము నడచిన ఊళ్లు, కలిసికొన్న మనుష్యులు, దొరికిన పుస్తకములు, ఎదురైన అడ్డంకులు తెలుపుచు నివేదికలు పంపవలెను. లక్ష్మయ్య స్వయముగా కూడ మఠములకును, జైనబస్తులకును, పాళెగాండ్ర ఇండ్లకును తిరిగెను. 1811 మొదలు 1813 వరకు దొర జావాద్వీపమున నుండగా ఇక్కడి సేకరణము ఆగిపోకుండ చూచినవాడు లక్ష్మయ్యయే.

ఈ పనికి గ్రామమున ఆధారము కరణము ఇంటియందలి కవిలె. తరతరములుగా గ్రామపు ఎల్లలు, భూముల వివరము, మాన్యములు, మిరాశీలు, ఏలిన ప్రభువుల పేరులు తాటాకులమీద వ్రాసి కట్టలు కట్టి భద్రపరచుట కరణముల ఆచారము. క్రొత్తవాడు వచ్చి ఆ కట్టలు విప్పుమన్నప్పుడు గ్రామస్థులు శంకించుట సహజము. కుంఫిణీవారి రాజ్యము అప్పుడే వచ్చినది. ఈ ప్రశ్నలన్నియు పన్ను పెంచుటకో, మాన్యము లాగికొనుటకో యని భయపడినవారు పెక్కుమంది. ఆ శంక నిరాధారమని చెప్పుటకును వీలులేదు. కొలత కొలతయే, కుంఫిణీ కుంఫిణీయే. అట్టిచోట మెల్లగా మాటాడి, రచ్చబండమీద కూర్చుండి, పెద్దల నోటిమాట విని, కవిలె ప్రతి వ్రాసికొని, ఆకుకట్టను యథాప్రకారము ఇచ్చివచ్చుట ఎంతటి ఓర్పుతో కూడిన పనియో ఊహింపవచ్చును.

అట్లు వచ్చిన వ్రాతలకే కైఫీయతులని పేరు. అవి కావ్యభాషలో లేవు. ఆనాటి కచ్చేరీలలోను, ఇండ్లలోను ఎట్లు మాటాడుకొనిరో అట్లే, పారసీ మాటలు కలిసిన వాడుకభాషలో నున్నవి. ఊరికి ఆ పేరెట్లు వచ్చినది, అడవి కొట్టి ఎవరు కట్టిరి, గుడి ఎవరు ప్రతిష్ఠించిరి, ఏ దండు వచ్చి దోచుకొనినది, ఏ కఱవునకు జనము వలసపోయినది – ఇవియే వాని విషయములు. రాజుల చరిత్రములందు కానరాని వడ్డెరలు, కాపులు, పూజారులు, తలారులు అందు కానవత్తురు. పురాణకథలును, యథార్థములును కలగలిసియుండుట నిజమే. కాలనిర్ణయమునకు వానిని శాసనములతో సరిచూడక నమ్మరాదు. అయినను నేలటూరి వెంకటరమణయ్యగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మున్నగు చరిత్రకారులు విజయనగర రెడ్డిరాజ్యముల చరిత్రములు వ్రాయునప్పుడు ఈ కైఫీయతులను ఉపయోగించుకొనిరి. 1946లో వెంకటరమణయ్యగారును, నీలకంఠశాస్త్రిగారును ప్రకటించిన విజయనగర చరిత్రాధార గ్రంథమే దీనికి నిదర్శనము.

ప్రయాణము ఆలస్యమైనచో ఏమి పోవునో అమరావతి చెప్పును. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట పట్టణము నిర్మించుచుండగా ఒక దిబ్బ త్రవ్వినచో చెక్కిన పాలరాళ్లు బయటపడెను. ఆ వార్త విని 1797లో మెకంజీ దొర పోయి చూచెను. ఎక్కువకాలము నిలుచుటకు వీలుకాక మరలెను. మరల 1816లో చిత్రకారులతో పోవునప్పటికి ఆ స్తూపము నడిభాగము త్రవ్వి చెరువు చేసియుండిరి. రాళ్లు పెక్కు ఇండ్ల గోడలకును, మెట్లకును పోయినవి. మిగిలినవానికి ఆయన చిత్రములు వ్రాయించెను. ఆ తరువాత నష్టమైన శిలలు కొన్ని నేడు ఆ కాగితములమీద తప్ప మరెక్కడను లేవు. రెండు యాత్రల నడుమ పందొమ్మిది సంవత్సరములు మాత్రమే. రెండువేలయేండ్ల కట్టడమునకు అంతమాత్రము చాలినది.

మెకంజీ దొర 1815లో హిందూదేశమునకు సర్వేయర్ జనరలుగా నియమింపబడి, 1817లో కలకత్తా చేరెను. లక్ష్మయ్యయు, రామస్వామియు వెంట పోయిరి. 1821 మే నెలలో దొర మరణించెను. ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి కుంఫిణీవారు ఆ భాండారమును కొనిరి. విల్సను పండితుడు 1828లో ప్రకటించిన పట్టికను బట్టి అందు 1,568 గ్రంథములు, 2,070 స్థానికచరిత్రములు, 8,076 శాసనప్రతులు, 6,218 నాణెములు ఉండెను. ఇంత సామగ్రి కూడబెట్టుటకు ఎందఱి పాదములు అరిగినవో ఆ పట్టికలో లేదు.

మరియొక తమ్ముడు రామస్వామి కలకత్తాలోనే 1829లో దక్షిణాపథకవుల చరిత్రమును ఇంగ్లీషున అచ్చు వేయించెను. వీరేశలింగము పంతులుగారి ఆంధ్రకవుల చరిత్రమునకు ఇది అర్ధశతాబ్దమునకు ముందటిది. ఇల్లు విడిచిపోయిన తెలుగువాడు పరభాషలో తన కవులను తలచుకొనెనన్నమాట.

లక్ష్మయ్య మాత్రము పుస్తకము ముగిసినదని తలపలేదు. చెన్నపట్టణమునకు మరలి, అచ్చటి హిందూ సాహిత్యసంఘమునకు అధ్యక్షుడై, ఇంకను తిరుగవలసిన సీమలు మిగిలియున్నవి, చదువవలసిన శాసనములు మిగిలియున్నవి, తనకు అనుజ్ఞయు, సాయమును ఇచ్చినచో ఆ పని సాగింతునని ప్రభుత్వమువారికి విన్నవించుకొనెను. ఆ విన్నపము అభిప్రాయమునకై కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి పోయెను. 1836లో వచ్చిన సమాధానము ఇది: ఆ కార్యము నిర్వహించుటకు స్వదేశీయుడెవ్వడును చాలడు. పెక్కు సంవత్సరములు ఆ కార్యమునే నిర్వహించిన మనుష్యునకు ఈ సమాధానము. భాండారమును పరిశీలించు పని టైలరు అను క్రైస్తవమతాచార్యునకు అప్పగించిరి. తిరిగినవాడు లక్ష్మయ్య, తిరిగినదానిని తూచినవారు ఇతరులు.

అటుపిమ్మట ఆ కాగితములు పురుగులపాలగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పూనుకొని పండితులచేతను, వ్రాయసకాండ్రచేతను క్రొత్త ప్రతులు వ్రాయించెను. అవి చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున చేరి నిలిచినవి. వానిలో కడప సీమకు సంబంధించిన కైఫీయతులను కడపలోని బ్రౌను భాషాపరిశోధన కేంద్రమువారు సంపుటములుగా అచ్చొత్తించియున్నారు. ఆంధ్రదేశమున తక్కిన జిల్లాల కైఫీయతులు కూడ కొన్ని వెలువడినవి. రెండువందల సంవత్సరముల క్రిందట ఒక గుమాస్తా రచ్చబండమీద కూర్చుండి వ్రాసికొన్న మాట నేడు ఆ ఊరి పిల్లవాడు అచ్చులో చదువగలుగుచున్నాడు.

లండనునందలి బ్రిటిష్ లైబ్రరీలో 1816లో హిక్కీ అను చిత్రకారుడు వ్రాసిన మెకంజీ దొర చిత్రమొకటి కలదు. ఎఱ్ఱని కోటు ధరించి దొర నడుమ నిలిచియుండును. వెనుక దూరమున కార్కళ గోమటేశ్వరుడు. దొర ప్రక్కన ముగ్గురు స్వదేశీయులు కలరు. వారిలో తాటాకులు పట్టుకొన్నవాడు ధర్మయ్య యను జైనపండితుడనియు, మరియొకడు లక్ష్మయ్య కావచ్చుననియు పెద్దలు చెప్పుదురు. కావచ్చునను మాటయే గమనింపదగినది. ఇంతటి సంచారము చేసినవాని ముఖమును కూడ మనము ఊహించుకొనవలసియున్నది.

మహనీయుని జీవితమున ప్రయాణమునకు గల స్థానమేమి యన్న ప్రశ్నకు కావలి సోదరులు ఇచ్చెడి ఉత్తరము ఇది. ఎంత దూరము పోతిమన్నది ముఖ్యము కాదు; పోయినచోట ఎవరిని విన్నాము, విన్నదానిని ఎట్లు నిలిపితిమి అన్నదియే ముఖ్యము. వీరాస్వామయ్యగారి కాశి దూరము. బొర్రయ్య తిరిగిన పల్లె దగ్గఱ. రెండును వ్రాతలో నిలిచినందున సమానముగానే ఫలించినవి. వ్రాయని యాత్ర యాత్రికునితో పోవును. వ్రాసినది భద్రపరుపనిచో చెదలతో పోవును.

1984లో ఆంధ్రప్రదేశమున గ్రామకరణ పదవులు రద్దయినవి. కవిలెకట్టలు కొన్ని కచ్చేరీలకు చేరినవి. కొన్ని అటుకలమీదనే మిగిలినవి. కొన్ని వాననీటికిని, చెదలకును ఆహుతియైనవి. లక్ష్మయ్య తిరుగవలెనని కోరి తిరుగలేకపోయిన ఊళ్లు ఇంకను ఉన్నవి. ఆ యాత్ర చేయుటకు ఇప్పుడు దొర అనుజ్ఞ అక్కఱలేదు, గుఱ్ఱము అక్కఱలేదు. ఒక వీధినుండి మరియొక వీధికి నడచి, ఒక వృద్ధుని ఎదుట కూర్చుండి, ఒక పుస్తకము, ఒక కలము తెఱచిన చాలును. వ్రాసినదానిని దాచుటకు గ్రామమున ఒక గ్రంథాలయము కలదు. దాని బీరువాలో ఊరూరి కథలు పెక్కు కలవు. తన ఊరి కథకు కూడ ఒక అర చోటు విడిచియుంచిన గ్రంథాలయము ధన్యము.