ఐదింటికే చీకటి

మా గడియారం మాది కాదు. దేశం మొత్తానికి వేళ కట్టింది 82.5 డిగ్రీల రేఖాంశం మీద, మేముండేది 93కి దగ్గర్లో. అందుకని డిసెంబరులో దక్షిణ అండమాన్‌లోని మా సిప్పీఘాట్‌లో ఐదు దాటితే దీపం పెట్టాల్సిందే. వేసవిలో ఐదింటికే తెల్లారిపోతుంది. "ఏటే, ఎండెక్కీసింది, ఇంకా తొంగున్నావా?" అని అమ్మ లేపితే గడియారంలో ఐదున్నర. శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఇన్నేళ్లయినా ఆమె యాస మారలేదు, గడియారం మీద గురీ కుదరలేదు.

2003లో నేను పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయంలో బీఎస్సీలో చేరాను. హిందీలో 'రాజకీయ' అంటే ప్రభుత్వ అని. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన మావయ్య బోర్డు చదివి, "రాజకీయాలకి కూడా కాలేజీ పెట్టారేటి ఇక్కడ?" అన్నాడు. 1967లో మొదలైన కాలేజీ అది. తొలినాళ్లలో పంజాబ్ విశ్వవిద్యాలయం కింద ఉండేది, మా నాటికి పాండిచ్చేరి. సముద్రం మధ్య కూర్చుని చండీగఢ్ పట్టా పుచ్చుకున్న మా సీనియర్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నా చదువు వేళలు సూర్యుడివి. నాలుగున్నరకి లేచి రెండు గంటలు పుస్తకం. తర్వాత నీళ్లు మోయడం, బస్సు, కాలేజీ. సాయంత్రం బస్సు దిగేసరికి పొద్దు వాలిపోయేది. నాన్న ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో మజ్దూరు. లవంగం, జాజికాయ, మిరియం తీగ నేను పుస్తకంలో చూడకముందే ఆయన వెనక నడుస్తూ చూశాను. డ్యూటీ అయ్యాక ఆయన పల్లంలో ఉన్న మా కౌలు చేలోకి దిగేవాడు, నేను గట్టు మీద కూర్చునేదాన్ని. ఆ అరగంట ఎవరూ చదువు మాట ఎత్తేవారు కాదు. ఆ రోజులు బంగారం అని మాత్రం అనను. డీజిల్ జనరేటర్ల కరెంటు పోయిందంటే పుస్తకం మూయాల్సిందే. మా విశ్రాంతిలో సగం అలా వచ్చిందే. మగపిల్లలు బంతాటకి పోయేవారు, నాకు అంట్లు మిగిలేవి.

2004 డిసెంబరు 26, ఆదివారం. 6 గంటల 29 నిమిషాలకి నేల ఊగింది. అప్పటికే రెండు పాఠాలు చదివేసి ఉన్నాను. మా ఇల్లు గట్టు మీద ఉంది కాబట్టి నిలిచింది. పల్లంలోకి సముద్రం వచ్చింది, కొంత తీసింది, మళ్లీ వచ్చింది. నాన్న చేను అంచున కర్ర పాతి నీటిమట్టం చూసేవాడు. మూడో రోజుకి ఆయనకి అర్థమైంది: ఇది వరద కాదు, పోటు. దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగిపోయింది. కోయాల్సిన వరి ఉప్పు నీళ్లలో నిలబడే కుళ్లింది. నీళ్లు ఇక రోజుకి రెండుసార్లు రావడం, పోవడం.

ఆ తర్వాతే 'కౌన్సెలింగ్' అనే మాట నా చెవిన పడింది. బెంగళూరు నిమ్హాన్స్ బృందాలు దీవులకి వచ్చాయి. ఒకావిడ నన్ను "నిద్ర పడుతోందా?" అని అడిగింది. చదువుకునే పిల్లని నిద్ర సంగతి అడగడం కూడా ఒక ఉద్యోగమని అప్పుడే తెలిసింది; అప్పటిదాకా అది అమ్మ పని. పడట్లేదన్నాను. ఆ ఏడు ఒక పేపరు పోయింది. నాన్న ఏమీ అనలేదు. చేను పోయినవాడికి పేపరు ఏపాటి?

ఇప్పుడు మా తమ్ముడి కూతురు విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉంది. 2023లో అదే ఊళ్లో ఒక నీట్ విద్యార్థిని చనిపోయింది. ఆ కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. మీకు ఉన్నారా అని ఫోన్లో అడిగితే మా పిల్ల, "ఉన్నారత్తా, టైమే లేదు" అంది.

పోయిన సెలవులకి వచ్చినప్పుడు నాలుగున్నరకి అలారం పెట్టుకుని పడుకుంది. నేనే లేపలేదు, అలారం కట్టేశాను. ఆరున్నరకి లేచి గొడవపడి, పుస్తకం పట్టుకుని గట్టు మీదికెళ్లింది. ఒకప్పటి మా చేలో ఇప్పుడు మడ మొక్కల మధ్య అండమాన్ టీల్ బాతులు తిరుగుతాయి. కాసేపటికి అక్కణ్నించే కేకేసింది: "అత్తా, ఇరవై మూడు!"