అడవికి విలువ కట్టిన చేతులు

మన దేశంలో అటవీ నిర్వహణ కలప లెక్కతో మొదలైంది. 19వ శతాబ్దం మధ్యలో రైలుమార్గాలు వేసేటప్పుడు మైలుకు దాదాపు 2000 స్లీపర్లు కావలసి వచ్చాయి. మందు పట్టించకుండా చెదలకూ వానకూ తట్టుకునే కలప సాల, టేకు, దేవదారులదే. కాంట్రాక్టర్లు అడవుల మీద పడి అందినది అందినట్టు నరికేశారు. ఆ నష్టం చూసి ఉలిక్కిపడిన ప్రభుత్వం 1864లో అటవీశాఖను పెట్టి, జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్‌ను దానికి అధిపతిని చేసింది. అంతకుముందు ఆయన బర్మా టేకు అడవుల్లో ఏనుగెక్కి తిరుగుతూ, కనబడిన ప్రతి టేకు చెట్టుకూ దాని చుట్టుకొలతను బట్టి చేతిలోని పుల్లల మీద గాటు పెట్టి లెక్క తీసినవాడు. అడవి ఏటా ఎంత పెరుగుతుందో అంతకు మించి కొట్టకూడదన్నది ఆయన పద్ధతి. అది మంచి శాస్త్రమే. కానీ ఆ గాట్లలో ఇప్పపువ్వు లేదు, చింతపండు లేదు, పశువుల మేత లేదు.

ఆ లోటు బ్రాండిస్‌కు తెలియనిది కాదు. ఊరికో అడవి ఉండాలని ఆయన వాదించాడు. కానీ అడవంతా సర్కారుదేనన్న అధికారి బేడెన్-పావెల్ వాదమే 1878 అటవీ చట్టంలో గెలిచింది. మద్రాసు రెవెన్యూ బోర్డు మాత్రం రైతుల వాడుక హక్కులను తోసిపుచ్చడానికి వీల్లేదని గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఈ సంగతి మనవాళ్లు మరింతగా గుర్తుంచుకోవలసింది. అయినా 1882లో మద్రాసుకూ సొంత అటవీ చట్టం వచ్చింది, రిజర్వు హద్దులు పడ్డాయి. 1893లో వ్యవసాయ నిపుణుడు వోల్కర్ తన నివేదికలో వంటచెరకు లేక రైతు పేడను పొయ్యిలో పెడుతున్నాడనీ, పొలానికి ఎరువు దక్కాలంటే ఊళ్ల దగ్గర వంటచెరకుకూ మేతకూ అడవులు పెంచాలనీ రాశాడు. మరుసటి ఏటి అటవీ విధానం ఆ మాటను కాగితం మీద ఒప్పుకుంది.

క్షేత్రంలో జరిగింది వేరు. పల్నాడులో పశువును అడవికి తోలాలంటే పుల్లరి అనే మేత పన్ను కట్టవలసి వచ్చేది. కట్టకపోతే పశువు బందెలదొడ్డికి పోయేది. 1921లో రైతులు కట్టబోమన్నారు. 1922 ఫిబ్రవరిలో వారి నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలయ్యాడు. అదే ఏడాది ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడింది. పోడు మీద ఆంక్షలు, కూలి ఇవ్వని రోడ్డు పనులు మన్యాన్ని అప్పటికే మండించాయి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చూపు మారలేదు. దేశ విస్తీర్ణంలో మూడో వంతు అడవి ఉండాలన్న 1952 విధానం, అడవి పక్కనున్న ఊరి అవసరాలు జాతి ప్రయోజనానికి అడ్డు రాకూడదని తేల్చింది. పరిశ్రమలకు మాత్రం వెదురు కారుచౌకగా దొరికింది. 1980 అటవీ సంరక్షణ చట్టం అటవీభూమిని ఇతర అవసరాలకు మళ్లించడానికి కేంద్రం అనుమతి తప్పనిసరి చేసింది. అడవి మొదటి విలువ పర్యావరణ సమతుల్యమని, అక్కడివారి అవసరాలు ముందు తీరాలని ప్రభుత్వం ఒప్పుకున్నది 1988 అటవీ విధానంలో.

ఆ మార్పుకు బీజం పశ్చిమ బెంగాల్‌లోని అరబారిలో 1970లలోనే పడింది. అధికారి అజిత్ కుమార్ బెనర్జీ చుట్టుపక్కల ఊళ్లకు పని చూపించి, సాల కలప ఆదాయంలో నాలుగో వంతు ఇస్తామన్నాడు. కాపలా ఊరివాళ్లదైంది, మోళ్లు మళ్లీ చిగిర్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో వనసంరక్షణ సమితులు ఆ దారిలో వచ్చినవే. అయితే వాటిలో ఊరికి దక్కింది వాటా; హక్కు కాదు.

హక్కు 2006 అటవీ హక్కుల చట్టంతో వచ్చింది. మన పొరుగునున్న గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖాలో గ్రామసభ 1800 హెక్టార్లకు సామూహిక హక్కు సాధించి, 2011లో తన వెదురును తానే అమ్ముకోవడం మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో రాజకీయం మాత్రం పోడు పట్టాల చుట్టూనే తిరుగుతోంది. పట్టా కావలసిందే. దానితోపాటు అటవీశాఖ తన నిర్వహణ ప్రణాళిక (వర్కింగ్ ప్లాన్) రాసేటప్పుడు గ్రామసభ కూడా కూర్చోవాలి. ఏ చెట్టు ఉంచాలో, ఏది కొట్టాలో తేలేది అక్కడే.