ఫాల్ కుట్టని అంచు

కొత్త పట్టుచీర ఇంటికి రాగానే అంచుకి ఫాల్ కుట్టిస్తాం. కాలి కింద పడి నలిగేది అదే, ముందు చిరిగేదీ అదే. ఆపాటి జాగ్రత్త జాగ్వార్ ఇ-టైప్ కారుకి దక్కలేదు. అందగత్తె అంచుల దగ్గర మొదలై చివికిపోయింది.

1961 మార్చిలో జెనీవాలో లోకం దాన్ని తొలిసారి చూసింది. చూడవచ్చినవాళ్లకి ఒక్క కారు చాలడం లేదంటే, జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ కవెంట్రీలో రెండోదాన్ని ఎక్కి, రాత్రంతా నడిపి, మర్నాటి పొద్దుటికి అక్కడికి చేర్చాడు. ఆ ఒంపులు గీసిన మాల్కమ్ సేయర్ విమానాల పనిలోంచి వచ్చినవాడు. గాలి ఎక్కడెలా జారిపోవాలో లెక్క కట్టి గీశాడు. గాలికి దారి దొరికింది. బురదకే దొరకలేదు.

వెనక చక్రం మీది మడ్‌గార్డు అంచు కింద ఒకసారి వేలు పెట్టి చూడండి. రేకుని లోపలికి మడిచిన చోట వేలికి తగిలే సన్నటి గాడి. చక్రం చిమ్మిన బురదంతా చేరేది అందులోకే. చలికాలం ఇంగ్లండులో రోడ్ల మీద మంచు కరగాలని ఉప్పు చల్లుతారు. బురదలో ఉప్పు, ఉప్పులో చెమ్మ. పైగా పదునైన అంచు మీద రంగు నిలవదు, ఆరేలోపే పక్కలకి జరిగి అక్కడ పలచబడిపోతుంది. రాయి తగిలేది కూడా సరిగ్గా అక్కడే.

ఆ మొదటి చలికాలమే ఎవరైనా వంగి, పైపుతో ఆ మడతని కడిగి ఉంటే! డోర్ల కింద కారంతటినీ మోసే బోలు దూలాల్లోకి కాస్త మైనం కొట్టించి ఉంటే! అడుగున నీళ్లు పోయే కన్నాన్ని ఒక పుల్లతో పొడిచి ఉంటే! అయ్యో, ఎంతలో పని. ఆదివారం పూట కొన్నవాళ్లు బానెట్‌కి పాలిష్ పట్టారు. మొహం కనబడేదాకా తుడిచారు. వాళ్లని అనడానికి నాకు నోరు రాదు. నా స్కూటర్ మడ్‌గార్డు లోపలివైపు నేనెప్పుడు చూశాను గనక?

ఒకనాడు అంచున ఆవగింజంత పొక్కు లేచింది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది, అందుకే రంగుని కిందనుంచి తోసింది. అప్పటికీ మించిపోలేదు. కుళ్లినంత మేర రేకు కోసేసి కొత్త ముక్క అతికితే బతికేది. లప్పం పెట్టి రంగు కొట్టారు. కొన్నాళ్లు నవనవలాడింది, లోపల తుప్పు తన పని తను చేసుకుపోతూనే ఉంది.

చివరికి జాకీ పెట్టి ఎత్తినప్పుడు తెలిసింది. తెరిచిన డోరు మళ్లీ పడలేదు. నడుం వంగిపోయింది.

1974లో ఉత్పత్తి ఆగేలోగా 70,000కు పైగా తయారయ్యాయి. వాటిలో ఒక నీలంరంగుది 1996లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో చేరింది. అక్కడ వాన పడదు. మిగిలినవాటిలో అదృష్టం ఉన్నవి ఏదో ఒక టింకరింగ్ షెడ్డుకి చేరతాయి. అక్కడ డోరు కింద దూలాన్ని కోస్తారు. రేకు ఊడి రాగానే గుప్పెడు ఎండిన మట్టి నేల మీద జలజలా రాలుతుంది, ఏ ఊరి రోడ్డుదో, ఏనాటి చలికాలందో.