బొమ్మ సైన్యాలు, పాత నియమావళులు

ఆట యేదైనను నియమమే దానికి ప్రాణం. చదరంగంలో గుర్రం వంకరగా ఎందుకు దూకవలెనో, పులిజూదంలో పులి మేకపై నుండి ఎందుకు దుమకవలెనో మనలో ఎవరమూ అడుగము. పెద్దలు చెప్పినారు, మనము ఆడినాము, అంతే. కాని నియమంతోపాటు దాని వెనుకనున్న కారణాన్ని కూడ ఆటగానికి విప్పిచెప్పిన ఒక వింత ఆట ఐరోపా ఖండంలో పెరిగినది. అది సీసపు సిపాయిలతో, అట్టముక్కల ఇండ్లతో, బల్లమీదనో నేలమీదనో ఆడు యుద్ధక్రీడ. ఈ ఆటకు నేడు కొత్త నియమావళులు ఎన్నో ఉన్నవి. అయినను నూరేండ్ల క్రిందటి పాత పుస్తకాలను వెదకి చదివి, వాటి ప్రకారమే ఆడి ఆనందించువారు ఇప్పటికిని ఉన్నారు. కొత్తది చేతిలో ఉండగా పాతదానిపై ఈ మమకారమెందుకు? ఈ ప్రశ్నకు సమాధానం ఆ ఆట చరిత్రలోనే ఉన్నది.

ఈ క్రీడకు మూలం మన చదరంగమే. చతురంగ బలాల ఆట భారతదేశం నుండి పారశీకానికి, అచ్చటి నుండి అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరిన సంగతి విదితమే. 1780లో జర్మనీలోని బ్రన్స్విక్ సంస్థానంలో హెల్విగ్ అను గణితశాస్త్రజ్ఞుడు చదరంగపు బల్లను 1,617 గడులకు విస్తరింపజేసి, కొండకొక రంగు, నీటికొక రంగు వేసి, నిజమైన యుద్ధభూమికి దానిని దగ్గరగా తెచ్చినాడు. తరువాత ప్రష్యా దేశపు రైస్విట్జ్ ఆ గడులను కూడ తొలగించి, నేల ఎత్తుపల్లాలను చూపు పలకలతో ఒక బల్లను నిర్మించి 1812లో తమ రాజుకు సమర్పించినాడు.

ఆయన కుమారుడు ఫిరంగిదళంలో ఉద్యోగి. తండ్రి పనిని అతడు ఇంకను ముందుకు నడిపినాడు. 1824లో ప్రకటించిన అతని నియమావళిలో బల్లకు బదులు 1:8000 కొలతతో గీచిన పటం ఉన్నది. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల కాలానికి సమానం. తుపాకి దెబ్బకు ఎందరు కూలుదురో పాచికలు నిర్ణయించును. ఆ లెక్కలు ఊహించినవి కావు, సైన్యం జరిపిన కాల్పుల పరీక్షల ఫలితాలపై ఆధారపడినవి. ఇరుపక్షాల నడుమ మధ్యవర్తి యొకడు కూర్చుండును. శత్రువు కంటబడినప్పుడే అతని దళం పటంపై కనబడును. మొదట ఉదాసీనంగా చూచిన సేనాపతి మ్యూఫ్లింగ్ చివరకు ఇది ఆట కాదు, యుద్ధవిద్యయే అని మెచ్చినట్లు చెప్పుదురు. సైన్యమంతటికీ అది సిఫారసు చేయబడినది.

అయితే ఆ యువకుడు సుఖపడలేదు. 1827లో అతడు ఆత్మహత్య చేసుకొన్నాడు. అతని ఆట మాత్రం బ్రతికినది. 1876లో వెర్డి దు వెర్నువా అను మరియొక ప్రష్యా సేనాని, లెక్కల పట్టికల బరువు ఎక్కువైనదని తలచి, పాచికలను ప్రక్కకు నెట్టి, ఫలితాన్ని అనుభవజ్ఞుడైన మధ్యవర్తి వివేకానికే వదలినాడు. లెక్క ప్రమాణమా, అనుభవం ప్రమాణమా అన్న ఈ వివాదం నేటికిని ఆ ఆటగాండ్ర మధ్య తీరలేదు.

ఈ విధంగా సైనికుల చేతిలో పెరిగిన ఆట మెల్లగా ఇండ్లలోనికి వచ్చినది. ప్రసిద్ధ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1880 తరువాత స్విట్జర్లాండులోని దావోసులో ఆరోగ్యం కొరకు నివసించుచు, తన సవతి కుమారునితో కలసి బొమ్మ సైన్యాలతో యుద్ధాలు నడిపినాడు. 1893లో లండనులోని బ్రిటన్ కుటుంబీకులు లోపల బోలుగా ఉండు సీసపు సిపాయిలను పోతపోసి చౌకగా అమ్మసాగినారు. దానితో ఒక మధ్యతరగతి పిల్లవాడు కూడ చిన్న సైన్యానికి అధిపతి కాగలిగినాడు.

ఆ పిల్లల ఆటకు శాశ్వతమైన గ్రంథరూపమిచ్చినవాడు హెచ్. జి. వెల్స్. 1913లో ఆయన 'లిటిల్ వార్స్', అనగా 'చిన్న యుద్ధాలు' అను పుస్తకాన్ని ప్రకటించినాడు. అందులో పాచికలు లేవు. కొయ్య గుండును పేల్చు స్ప్రింగు ఫిరంగితో గురిచూచి కొట్టవలసినదే. కాల్బలం ఒక ఎత్తులో ఒక అడుగు, ఆశ్వికదళం రెండడుగులు నడచును. ఫిరంగి దగ్గర ఆరు అంగుళాల లోపల నలుగురు సిపాయిలైనను లేనిచో అది కదలదు, పేలదు.

ఇంతమాత్రమే చెప్పి ఉండినచో ఆ పుస్తకాన్ని ఏనాడో మరచి ఉందురు. వెల్స్ చేసిన గొప్ప పని వేరు. ఒక్కొక్క నియమం ఎట్లు పుట్టినదో ఆయన కథగా చెప్పినాడు. చేయి చేయి కలసిన పోరును మొదట నాణెం ఎగురవేసి తీర్చినారట. అదృష్టం కలసివచ్చిన ఒకే సిపాయి ఎదుటివారిని వరుసగా కూల్చుచుండగా, ఆ పద్ధతిని విడిచిపెట్టినారు. ఆలోచన పేరిట ఆటగాడు ఎంతసేపైనను కూర్చుండుట చూచి గడియారాన్ని తెచ్చినారు: ముప్పదిమంది సిపాయిలకు ఒక నిమిషం, ఒక్కొక్క ఫిరంగికి ఒక నిమిషం. చదువరికి అక్కడ దొరుకునది శాసనం కాదు, ఆ శాసనం చేసినవారి సంభాషణ. కారణం తెలిసినవాడు నియమాన్ని పాటించగలడు, అవసరమైనచో మార్చనూ గలడు. అతడు ఆటగాడే కాక ఆటకు సహకర్త కూడ అగుచున్నాడు.

ఇదే దారిలో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో 'వార్ గేమ్స్' అను పుస్తకం వెలువరించినాడు. ఆయన రెండవ ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసినవాడు. ఒకే నియమావళిని నిర్బంధంగా నిలుపక, వేరువేరు కాలాల యుద్ధాలకు వేరువేరు పద్ధతులను చూపి, పాఠకుని తన నియమాలను తానే కూర్చుకొమ్మని ప్రోత్సహించినాడు. దాని ప్రేరణతో ఆట పట్టినవారు ఎందరో ఉన్నారు. ప్రష్యా నియమావళి సైతం 1983లో ఆంగ్లంలోనికి అనువదింపబడి మరల బల్ల ఎక్కినది.

పాత నియమాలలో లోపాలు లేకపోలేదు. వెల్స్ ఆటలో ఆకలి లేదు, బురద లేదు, భయంతో పారిపోవు సైనికుడు లేడు. కొత్త నియమావళులు వీనిలో కొన్నింటిని లెక్కలోనికి తెచ్చినవి. కాని పాత రచయిత తాను దేనిని వదలినాడో దాచలేదు. తన ఆటలో నెత్తురు లేదనీ, పాడైన పల్లెలు లేవనీ వెల్స్ స్వయంగా చెప్పినాడు. అంతటితో ఆగక, మూడు నాలుగు పర్యాయములు ఈ ఆట ఆడినవానికి నిజమైన యుద్ధం ఎంతటి తెలివిమాలిన పనియో బోధపడునని వాదించినాడు. యుద్ధోన్మాదం కల రాజులను ఒక పెద్ద మందిరంలో బొమ్మలతో కూర్చుండబెట్టవలెనని కూడ సూచించినాడు.

మరుసటి సంవత్సరమే, 1914లో, ఐరోపా దేశాలు నిజమైన సైన్యాలతో తలపడినవి. వెల్స్ సైతం ఆ పోరును యుద్ధాలకే అంతం పలుకు యుద్ధమని సమర్థించుచు వ్రాసినాడు. ఆయన ఆశ ఫలించలేదు. పాతిక సంవత్సరాలకే రెండవ మహాయుద్ధం వచ్చినది. ఒకే ఆటను ప్రష్యా సేనానులు యుద్ధానికి సాధనగా నేర్చినారు. వెల్స్ యుద్ధానికి విరుగుడుగా తలచినాడు. ఆట ఏ పక్షమూ వహించలేదు.

పాత పుస్తకాలు నేటికిని ఎందుకు రుచించునో ఇప్పుడు గ్రహింపవచ్చును. అవి మనకు ఆజ్ఞ ఇచ్చి ఊరకుండవు. ఎందుకో చెప్పును, ఎక్కడ సరిపడదో ఒప్పుకొనును. బల్లమీద సిపాయి కూలినప్పుడు ఏ నియమం చేత కూలినాడో, అది ఎందుకు ఏర్పడినదో ఆటగానికి తెలియును. నిజమైన రణరంగంలో కూలిన సైనికునికి ఆ పాటి సమాధానం కూడ దొరకదు.